హైదరాబాద్ నుంచి బెంగళూరు పెళ్లికి ఇంటిల్లిపాదీ కారులో: సమగ్ర మార్గదర్శి

పెద్దనాన్నగారి మనవరాలి పెళ్లి బెంగళూరులో. రైలు టికెట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాయి, విమానం ఎక్కాలంటే ఏడుగురికి తడిసి మోపెడవుతుంది. చివరికి అందరూ అనే మాట ఒకటే: "కారులో పోదాం పద." సరే. అయితే ఎప్పుడు బయల్దేరాలి, ఏం సర్దాలి, అమ్మమ్మను ఎక్కడ కూర్చోబెట్టాలి, పట్టుచీరలు నలగకుండా ఎలా తీసుకెళ్లాలి అనే ప్రశ్నలు పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే చాలు మొదలవుతాయి. ఇక్కడ హైదరాబాద్–బెంగళూరు దారినే తీసుకుని వరుసగా చెబుతున్నాను. చెన్నైకో, నాగపూర్‌కో, భువనేశ్వర్‌కో వెళ్లేవాళ్లు ఊళ్ల పేర్లు మార్చుకుంటే చాలు, పద్ధతి అదే.

1. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

బయల్దేరే టైము ముందు అనుకుని, చేరే టైము తర్వాత చూసుకుంటే హడావుడి తప్పదు. శుభలేఖ చేతిలో పెట్టుకుని కింది నుంచి పైకి లెక్క వేయండి.

ముందు తేదీ సరిగ్గా చదవండి. "శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం 2.48 గంటలకు" అని ఉంటే, గడియారం ప్రకారం అది ఆదివారం తెల్లవారుజాము. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, మన ఫోను క్యాలెండరుకు అర్ధరాత్రితో. ఈ ఒక్క లైను తప్పు చదివి, హోటల్ గది మర్నాటికి బుక్ చేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

రెండోది, అవతలివాళ్ల పద్ధతి. బెంగళూరులో చాలా పెళ్లిళ్లకు రిసెప్షన్ ముందురోజు సాయంత్రమే పెడతారు, ముహూర్తం మర్నాడు పొద్దున ఉంటుంది. మనవైపు పెళ్లయ్యాక రిసెప్షన్ కాబట్టి, "పెళ్లి పూట చేరితే చాలు" అనుకుని వెళ్తే సగం పెళ్లి అయిపోయి ఉంటుంది. కార్డు మీద లేకపోతే ఫోను చేసి అడగండి.

ఇక లెక్క ఇలా వేయండి:

- ముహూర్తం ఆదివారం పొద్దున 7.30 అనుకుందాం.
- స్నానాలు, జడలు, చీరలు అన్నీ అయ్యేసరికి మూడు గంటలు. అంటే 4.30కి లేవాలి.
- శనివారం సాయంత్రం రిసెప్షన్‌కి 6.30కల్లా తయారై ఉండాలి.
- దానికి ముందు రెండు గంటలైనా నడుం వాల్చాలి. అంటే మధ్యాహ్నం మూడింటికల్లా గదిలో ఉండాలి.
- దారి సుమారు 575 కిలోమీటర్లు. పెద్దవాళ్లు, పిల్లలతో ఆగుతూ వెళ్తే పది గంటలు.
- కాబట్టి శనివారం తెల్లవారుజామున 4.30–5 మధ్య ఇల్లు దాటాలి.

మీరు పెళ్లికూతురి మేనమామ అయితే, లేదా కన్యాదానంలో కూర్చునే దంపతులైతే ఈ లెక్క మీకు పనికిరాదు. శుక్రవారమే వెళ్లండి. టైరు పంక్చరైనా, కర్నూలు దగ్గర ట్రాఫిక్ ఆగినా పెళ్లి మీకోసం ఆగాల్సిన పరిస్థితి రాకూడదు.

పెద్దవాళ్లు రాహుకాలం, వర్జ్యం చూస్తామంటారు. వాదించొద్దు, ముందురోజే అడిగి పెట్టుకోండి. మంచి ఘడియ వేళకాని వేళ వస్తే, ఆ టైముకి ఒక బ్యాగు పక్కింట్లో పెట్టి ప్రస్థానం చేయడం మన ఇళ్లలో ఉన్నదే. తెల్లవారాక దాన్ని తీసుకుని బయల్దేరతారు, అందరికీ మనసు కుదుటపడుతుంది.

2. సొంత బండా, అద్దె బండా?

నలుగురైదుగురికి సొంత కారు హాయి. ఏడు సీట్ల బండిలో ఏడుగురు కూర్చుంటే మూడో వరుస వెనక సామానుకు దాదాపు చోటే ఉండదు, ఇది చాలామంది మర్చిపోతారు. ఐదుగురు మనుషులు, పెళ్లి సామాను అనుకుంటేనే ఏడు సీట్ల బండి బాగుంటుంది. ఎనిమిది మంది దాటితే టెంపో ట్రావెలర్ మాట్లాడుకోవడమే మేలు.

అద్దె బండికి అడగాల్సినవి:

- పసుపు నంబరు ప్లేటేనా? తెల్ల ప్లేటు బండి అద్దెకు తిప్పడం చట్టవిరుద్ధం. ఏదైనా జరిగితే బీమా దగ్గర చిక్కు మీకే.
- ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా? లేకపోతే రాష్ట్రం మారేచోట పన్ను ఎవరు కట్టాలి?
- కిలోమీటరు రేటు ఎంత, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క కడతారు?
- డ్రైవర్ బత్తా, రాత్రి బత్తా, టోల్, పార్కింగ్ రేటులో కలిసే ఉన్నాయా, విడిగానా?

మాటలన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. డ్రైవర్‌కు పడుకునే చోటు, వేళకు భోజనం మీరే చూడాలి. మండపం బయట బండిలోనే ముడుచుకుని పడుకున్న మనిషి మర్నాడు మిమ్మల్ని 575 కిలోమీటర్లు వెనక్కి తీసుకురావాలి.

సొంత బండి అయితే నడిపేవాళ్లు ఇద్దరుండాలని నా గట్టి అభిప్రాయం. రెండో మనిషి లేకపోతే రోజుకూలీ మీద డ్రైవర్‌ని పెట్టుకోండి. పెళ్లి ఖర్చులో అది లెక్కలోకి రాదు.

3. వారం ముందే బండి సిద్ధం

సర్వీసింగ్ ప్రయాణానికి వారం పది రోజుల ముందు చేయించండి. ముందురోజు చేయిస్తే, బిగించని బోల్టో కారే పైపో హైవే మీదే బయటపడుతుంది. సర్వీసింగ్ అయ్యాక ఊళ్లో నాలుగు రోజులు తిరగాలి.

ముందురోజు మీరే చూసుకోగలిగినవి:

- టైర్లలో గాలి. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన అతికించిన స్టిక్కరు మీద నిండు బరువుకు ఎంత పెట్టాలో వేరుగా రాసి ఉంటుంది. అంతే పెట్టించండి. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.
- స్టెప్నీలో గాలి. దీన్ని ఎవరూ చూడరు.
- జాకీ, వీల్ స్పానర్, ఎర్ర త్రికోణం బండిలో ఉన్నాయా?
- కూలంట్, ఇంజన్ ఆయిల్. కూలంట్ మూత ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు తీయకండి.
- వైపర్లు, వైపర్ నీళ్లు. రాయలసీమ ఎండలో అద్దం మీద దుమ్ము, పురుగులు పేరుకుపోతాయి.
- అన్ని లైట్లు. ఒకరిని వెనక నిలబెట్టి బ్రేకు లైట్లు కూడా చూడండి.

ట్యాంకు హైదరాబాద్‌లోనే నింపుకోండి. ఏపీలో పెట్రోలు ధర పక్క రాష్ట్రాలకంటే ఎక్కువ. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండికి ఈ దారికి 38 లీటర్లు పడుతుంది. ట్యాంకు చిన్నదైతే మధ్యలో కొద్దిగా పోయించుకుని, కర్ణాటకలోకి దాటాక బాగేపల్లి దగ్గర మళ్లీ నింపుకోవచ్చు.

4. కాగితాలు, ఫాస్టాగ్, డబ్బు

లైసెన్సు, ఆర్సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉంటే చెల్లుతాయి. ఫోను ఛార్జింగ్ అయిపోతే? అందుకే జిరాక్సులు డ్యాష్‌బోర్డులో ఉంచండి. బీమా, పొల్యూషన్ తేదీలు తిరుగు ప్రయాణం అయ్యేదాకా ఉన్నాయో లేదో చూడండి. హోటల్‌కు పెద్దవాళ్లందరి ఆధార్ కావాలి. తాతయ్యది ఇంట్లో బీరువాలో ఉండిపోవడం మామూలే.

ఈ దారిలో టోల్ ప్లాజాలు వరుసగా రాయకల్, శాఖాపూర్, పుల్లూరు, అమకతాడు, కాసేపల్లి, మరూరు, బాగేపల్లి, సాదహళ్లి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే దాని టోల్ వేరు. ఫాస్టాగ్‌లో రానూపోనూ సరిపడా డబ్బు ముందురోజే వేయండి. టోల్ గేటు ముందు క్యూలో నిలబడి రీఛార్జి చేస్తే అది వెంటనే ఎక్కకపోవచ్చు. ట్యాగు పనిచేయకపోతే మామూలు టోల్ కంటే ఎక్కువ కట్టాలి. 2025 నవంబరు 15న వచ్చిన నిబంధనలో అది యూపీఐతో అయితే 1.25 రెట్లు, నగదు అయితే రెండు రెట్లు.

ఏడాదిలో ఇలాంటి ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ కలిసొస్తుంది. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర 3000 రూపాయలు, ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. సొంత కార్లకే ఇస్తారు. జాతీయ రహదారుల టోల్‌లకే చెల్లుతుంది. ఔటర్ మీద, బెంగళూరు ఊరి బయటి ప్రైవేటు టోల్ దారి నైస్ రోడ్డు మీద చెల్లదు.

నగదు గురించి రెండు మాటలు. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో 50,000 దాటిన నగదుకు లెక్క చూపించమంటారు. బ్యాంకు నుంచి తీసిన రసీదు, శుభలేఖ దగ్గర పెట్టుకోండి. రెండోది, చదివింపుల కవర్లు. 516, 1116 రాయాలంటే ఆ పదహారు కావాలి కదా! రూపాయి బిళ్లలు, పది నోట్లు ఇంట్లోనే పోగేసి, కవర్లు పేర్లతో సహా రాసి సిద్ధం చేసుకోండి. మండపంలో అందరూ వెతికేది రూపాయి బిళ్లే.

మందు సీసాలు పెట్టుకెళ్లొద్దు. ఒక రాష్ట్రం మద్యం ఇంకో రాష్ట్రంలోకి తీసుకెళ్తూ ఎక్సైజ్ వాళ్లకు దొరికితే బండి అక్కడే ఆగిపోతుంది. బావగారి సరదా పెళ్లివారి మీద పడకూడదు.

5. బట్టలు, నగలు, సారె: సర్దే వరుస

మనిషికో సూట్‌కేసు అనే పద్ధతి కారుకు పనికిరాదు. పూటకో బ్యాగు అనుకోండి.

మొదటి బ్యాగు: రిసెప్షన్ బట్టలు, అందరివీ. రెండో బ్యాగు: ముహూర్తం బట్టలు, అందరివీ. మూడోది: రాత్రి బట్టలు, తువ్వాళ్లు, బ్రష్షులు, మర్నాటి మామూలు జత. గదికి చేరగానే ఏది తెరవాలో వెతుక్కోనక్కర్లేదు. మండపంలో మూడు కుటుంబాలకు ఒకే గది ఇస్తారు, బ్యాగులన్నీ నల్లగానే ఉంటాయి. మీ బ్యాగుల పిడికి ఒకే రంగు రిబ్బను కట్టండి.

పట్టుచీర సర్దేటప్పుడు దానికి సంబంధించినవన్నీ అదే కవరులో ఉండాలి: జాకెట్టు, లంగా, సేఫ్టీ పిన్నులు, కొంగు మడతలకు పెట్టే పిన్ను. చీర ఒక బ్యాగులో, జాకెట్టు ఇంకో బ్యాగులో ఉండి, ఆ ఇంకో బ్యాగు ఇంకో కారులో ఉంటే పొద్దున అయిదింటికి మొదలయ్యే కేకలు మీకు తెలిసినవే: "అక్కా, నా ఎర్ర జాకెట్టు ఏ బండిలో పెట్టారే?" చీరను నూలుగుడ్డలోనో నూలు కవరులోనో చుట్టి, మడతలు మార్చి పెట్టండి. జరీ దగ్గర గట్టిగా నొక్కకండి. ఇస్త్రీ ఇంట్లోనే చేయించండి, కొత్త ఊళ్లో పట్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. మగవాళ్ల పంచెలతో పాటు బెల్టు, లోపలి బనియన్లు కూడా అదే బ్యాగులో పెట్టాలి.

డిక్కీలో సర్దే వరుస:

1. అడుగున సారె డబ్బాలు, స్టీలు సామాను, బరువైనవి. వెనక సీటుకు ఆనించి.
2. వాటి మీద మర్నాటి బట్టల బ్యాగు.
3. పైన ముహూర్తం, రిసెప్షన్ బ్యాగులు. వీటి మీద ఏమీ పెట్టొద్దు.
4. అన్నిటికంటే చివర, డిక్కీ తెరవగానే చేతికందేలా, దారి బ్యాగు: నీళ్లు, తువ్వాలు, ఒక జత పిల్లల బట్టలు, ప్లాస్టిక్ కవర్లు.

స్టెప్నీ డిక్కీ కింద ఉండే బండ్లలో పంక్చరైతే ఈ సామానంతా దించాలి. కాబట్టి ఎలా దించి ఎలా పెట్టాలో ఒక ఫోటో తీసి ఉంచుకోండి.

అరిసెలు, లడ్డూలు గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాల్లో పెట్టి, మూత చుట్టూ టేపు వేయండి. అరిసెల నూనె అడుగుకు దిగుతుంది, కింద పాత న్యూస్‌పేపరు పరవండి. ఊరగాయ సీసా, కొబ్బరినూనె, పసుపు పొట్లం బట్టల బ్యాగు దరిదాపుల్లో ఉండకూడదు. పట్టు మీద పసుపు పడితే పోదు. కొబ్బరికాయలు దొర్లకుండా సంచిలో బిగించి కట్టండి. పూలు మాత్రం ఇక్కణ్ణుంచి మోయకండి, పది గంటల్లో వాడిపోతాయి. బెంగళూరులో పూలకు కొదవలేదు, మల్లెలూ కనకాంబరాలూ అక్కడే దొరుకుతాయి.

మేనమామ తరపువాళ్లు గంప, బాసికాలు, మధుపర్కాలు, పట్టుబట్టలు ఎవరి బాధ్యతో ముందే తేల్చుకోండి. రెండు ఇళ్లవాళ్లూ "వాళ్లు తెస్తారులే" అనుకునేవి సరిగ్గా ఇవే.

నగలు ఒకే పెట్టెలో పెట్టకండి. రెండు మూడు చిన్న సంచులుగా చేసి, పెద్దవాళ్లు ఇద్దరి చేతిసంచుల్లో ఉంచండి. ప్రతి సంచిలో ఉన్నవి ఫోటో తీయండి. దారిలో టిఫిన్‌కు దిగేటప్పుడు బండిలో వదిలేయకండి, ఒకరు సంచితోనే దిగాలి. కారులో కూర్చునేటప్పుడు మెడలో పెద్ద హారాలు అనవసరం.

6. తిండి, మందులు

పొద్దున టిఫిన్ హోటల్లో తిన్నా, మధ్యాహ్నానికి ఇంటిదే ఉంటే పిల్లల కడుపు బాగుంటుంది. చింతపండు పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నానికి చిట్కా తెలిసిందే: అన్నం మెత్తగా చేసి, గోరువెచ్చని పాలు ఎక్కువగా పోసి, ఒక చెంచా పెరుగు మాత్రమే కలిపి డబ్బా మూత పెట్టండి. మధ్యాహ్నానికి దారిలోనే తోడుకుని కమ్మగా ఉంటుంది. నేరుగా పెరుగు కలిపితే ఏప్రిల్, మే ఎండలకు పులిసిపోతుంది. ఉల్లిపాయ, కొబ్బరి చట్నీ వద్దు.

వాంతులయ్యే వాళ్లకు మాత్ర బండి ఎక్కడానికి అరగంట, గంట ముందే వేయాలి. బండి కదిలాక వేస్తే ఉపయోగం తక్కువ. మత్తు వస్తుంది కాబట్టి డ్రైవర్ వేసుకోకూడదు, చిన్నపిల్లలకు డాక్టర్ని అడక్కుండా ఇవ్వకూడదు. ఖాళీ కడుపుతోనూ, పూరీ బోండాలు దట్టించీ ఎక్కించొద్దు. రెండు ఇడ్లీలు చాలు. పిల్లల చేతిలో ఫోను తీసేస్తే సగం వాంతులు తగ్గుతాయి.

పెద్దవాళ్ల మందులు:

- రోజుల లెక్కకు మూడు రోజులు ఎక్కువ. చీటీ ఫోటో ఫోనులో.
- ఇన్సులిన్ చల్లటి పౌచ్‌లో, సీట్ల దగ్గరే. ఐసుకు నేరుగా తగలకూడదు. డ్యాష్‌బోర్డులో, డిక్కీలో పెడితే పాడవుతుంది.
- షుగరు ఉన్నవాళ్ల దగ్గర బిస్కెట్లు, గ్లూకోజు చేతికందేలా.
- మూత్రం ఎక్కువ వచ్చే బీపీ మాత్ర వేసుకునేవాళ్లు, ప్రయాణం రోజు ఏ వేళకు వేసుకోవాలో డాక్టర్ని అడిగి ఉంచుకోవాలి. మానేయొద్దు. బాత్రూం భయంతో నీళ్లు తాగకుండా కూర్చోవడం మన అమ్మమ్మల అలవాటు. అది ఎండాకాలంలో ప్రమాదం.

7. ఎవరు ఎక్కడ

మోకాళ్ల నొప్పులవాళ్లకు ముందు సీటు, లేదా రెండో వరుసలో తలుపు పక్క. మూడో వరుస కుర్రాళ్లకు. ఎక్కిదిగడానికి చిన్న స్టూలు ఒకటి పెట్టుకోండి, పెద్ద బండ్లకు అదే మహా ఉపకారం. వెనక సీటువాళ్లకూ బెల్టు తప్పనిసరి. పసిబిడ్డను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. సడన్ బ్రేకు వేస్తే ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు. చైల్డ్ సీటు కొనడం ఇష్టం లేకపోతే అద్దెకు దొరుకుతుంది.

రెండు కార్లలో వెళ్తుంటే ఒకదాని వెనక ఒకటి అంటుకుని వెళ్లకండి. ఆగే చోట్లు ముందే అనుకుని, ఫోనులో లైవ్ లొకేషన్ పెట్టుకుని, ఎవరి వేగాన వాళ్లు రండి.

8. బయల్దేరే రోజు

4.30–5: నిమ్మకాయలు తొక్కించి, ఔటర్ మీదుగా శంషాబాద్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కండి. జడ్చర్ల దాటేసరికి తెల్లారాలి. ఈ గంటన్నర జాగ్రత్త: బెంగళూరు నుంచి వచ్చే రాత్రి బస్సులు, లైట్లు వేయకుండా పక్కన ఆపిన లారీలు, ఊళ్ల దగ్గర రాంగ్‌సైడులో వచ్చే ట్రాక్టర్లు.

6.30: మహబూబ్‌నగర్ దాటాక టీ, బాత్రూం. పది నిమిషాలు. బాత్రూం మొదట చూసి రావడానికి ఒకరు దిగండి. వెస్ట్రన్ కమోడ్ ఉన్నచోటే పెద్దవాళ్లను దించాలి.

8–8.30: బీచుపల్లి దగ్గర కృష్ణ, పుల్లూరు దాటాక తుంగభద్ర, ఆ వెంటనే కర్నూలు. 215 కిలోమీటర్లు అయినట్టు. టిఫిన్ ఇక్కడ, ముప్పావు గంట. డ్రైవర్ మారాలి. అలంపూర్ జోగులాంబ గుడికి వెళ్దామని ఎవరో ఒకరు అంటారు. వెళ్లేటప్పుడు వద్దు.

11–11.30: డోన్, గుత్తి, పామిడి మీదుగా అనంతపురం. కర్నూలు నుంచి 150 కిలోమీటర్లు. ఈ ముక్కలో ఎండ మండిపోతుంది, దారి తిన్నగా ఉంటుంది, నిద్ర ముంచుకొస్తుంది. డ్రైవర్ పక్కన కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదు, ఇది వాళ్ల డ్యూటీ. ఆవులింతలు వరసపెట్టి వస్తే పాటల శబ్దం పెంచడం వల్ల ఏమీ కాదు, ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీయాలి.

12.30: పెనుకొండ ముందో వెనకో ఎక్కడైనా నీడ చూసుకుని భోజనం. కడుపు నిండా కాదు.

1.30–3: కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక. బాగేపల్లి, చిక్కబళ్లాపూర్ దాకా తెలుగు బాగానే నడుస్తుంది, దారి అడగడానికి మొహమాటం వద్దు. దేవనహళ్లి నుంచి వేగం బోర్డులు చూసి నడపండి, ఎయిర్‌పోర్టు రోడ్డు మీద కెమెరాలున్నాయి.

ఇక్కడ అసలు కిటుకు. బెంగళూరు ఊళ్లోకి దిగే హెబ్బాళ ఫ్లైఓవర్ మూడింటిలోపు దాటితే ఒక లెక్క, అయిదు తర్వాత అయితే ఇంకో లెక్క. మండపం వైట్‌ఫీల్డ్ వైపు అయితే హెబ్బాళ దాకా రానేవద్దు, దేవనహళ్లి నుంచి బూదిగెరె మీదుగా పోవచ్చు. ఎలక్ట్రానిక్ సిటీ, కనకపుర రోడ్డు అయితే ఊరి మధ్యలోకి దూరకుండా తుమకూరు రోడ్డు వైపు తిరిగి నైస్ రోడ్డు పట్టుకోండి. దాని టోల్‌కు చేతిలో నగదు ఉంచుకోండి.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో దారి పొడవునా మంచు కమ్మే చోట్లుంటాయి. అప్పుడు గంట ఆలస్యంగా, వెలుగు వచ్చాకే బయల్దేరండి.

9. మండపం దగ్గర

బెంగళూరులో కల్యాణమండపాన్ని చౌట్రీ అని కూడా అంటారు, ఒకే దేవుడి పేరుతో పదుల కొద్దీ ఉంటాయి. పేరు కొట్టి మ్యాపు నమ్మకుండా, పెళ్లివారి దగ్గర లొకేషన్ లింకు తెప్పించుకోండి.

పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మండపం గదుల మీద ఆధారపడకుండా రెండు మూడు కిలోమీటర్లలో హోటల్ గది ముందే తీసుకోండి. పెళ్లివారు నొచ్చుకుంటారేమో అనుకుంటే, "అమ్మకు లిఫ్టు, కమోడ్ ఉండాలి పిన్నీ, అందుకే" అనండి, అర్థం చేసుకుంటారు. మంచి ముహూర్తాల రోజుల్లో గదులు ముందే నిండిపోతాయి.

మండపంలోనే ఉండేట్టయితే పొద్దున వేడినీళ్ల క్యూ గురించి రాత్రే మాట్లాడుకోండి. చీరలు కట్టుకోవాల్సిన ఆడవాళ్లు ముందు, తువ్వాలు చుట్టుకుని పది నిమిషాల్లో తయారయ్యే మగవాళ్లు చివర. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి పట్టుకెళ్తే ఆ గదిలో మీరే దేవుడు.

10. దారిలో బండి ఆగిపోతే

1. ఎడమ అంచుకు పూర్తిగా తీసి ఆపండి, నాలుగు వైపులా ఇండికేటర్లు వేయండి.
2. అందరూ ఎడమ తలుపు నుంచి దిగి, ఇనుప రెయిలింగ్ అవతలికి వెళ్లాలి. బండిలో కూర్చోవద్దు, బండి వెనక నిలబడొద్దు.
3. త్రికోణం వెనక కనీసం యాభై మీటర్ల దూరంలో పెట్టండి.
4. 1033కి ఫోను చేయండి, అది జాతీయ రహదారుల సాయం నంబరు. దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద నంబరు చెబితే త్వరగా వస్తారు. దెబ్బలు తగిలితే 108 లేదా 112. మూడు రాష్ట్రాల్లోనూ పనిచేస్తాయి.
5. బీమాతో పాటు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకున్నారేమో చూడండి. చాలామందికి ఉన్న సంగతే తెలియదు.

కుడివైపు టైరు పంక్చరైతే ట్రాఫిక్ పక్కన కూర్చుని మీరే మార్చే సాహసం చేయొద్దు. టైరు పాడైనా సరే, నెమ్మదిగా సర్వీసు రోడ్డు దాకానో పెట్రోలు బంకు దాకానో నడపండి.

11. మామూలుగా జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

*పొద్దున అయిదన్నారు, ఏడయింది.* ఎండా ట్రాఫిక్ రెండూ తగులుతాయి. ఇక వేగంతో ఆ రెండు గంటలు తేవాలని చూడకండి. భోజనం బండిలోనే కానిచ్చి, విశ్రాంతి తగ్గించుకోండి. ఈసారైనా సామాను రాత్రే డిక్కీలోకి చేర్చండి.

*జాకెట్టు బిగుతైంది, హుక్కు ఊడింది.* సూదీదారం, హుక్కులు, డబుల్ టేపు చిన్న డబ్బాలో ఉండాలి. కుట్లు విప్పే వీలున్న జాకెట్టయితే వారం ముందే వేసుకుని చూసుకోవాలి.

*ఏసీ చల్లగా రావట్లేదు.* వెనకవాళ్ల కాళ్ల దగ్గర సంచులు గాలిని అడ్డుకుంటున్నాయేమో చూడండి. చాలాసార్లు అదే.

*చీర మీద నూనె మరక.* నీళ్లు పోయొద్దు, రుద్దొద్దు. టాల్కం పౌడరు చల్లి నూనె పీల్చనిచ్చి దులపండి, మిగతాది ఇంటికొచ్చాక డ్రైక్లీనింగ్‌కు.

12. తిరుగు ప్రయాణం

ఈ మొత్తంలో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి: పెళ్లి భోజనం చేసి ఆ మధ్యాహ్నమే హైదరాబాద్‌కు బయల్దేరొద్దు. పొద్దున 4.30కి లేచారు, రాత్రి సరిగా నిద్ర లేదు, విస్తరి నిండా తిన్నారు, పది గంటల దారి, అందులో సగం చీకటి. సోమవారం ఆఫీసుకు తప్పనిసరిగా ఉండాల్సినవాళ్లు ఆ రాత్రి రైలో బస్సో ఎక్కాలి, కారు మర్నాడు రావాలి.

కుదరనే కుదరదంటే రెండు గంటలు పడుకుని, నాలుగింటికి బయల్దేరి అనంతపురంలో రాత్రి ఆగండి. బెంగళూరు నుంచి సుమారు 210 కిలోమీటర్లు. అప్పగింతలు, "వెళ్లొస్తాం" చెప్పుకోవడం గంటకు తక్కువ పట్టదు, అది కూడా లెక్కలో వేయండి.

మర్నాడు పొద్దున అయితే 5కే గది ఖాళీ చేసి, హెబ్బాళ దాటాకే టిఫిన్. గుళ్లూ గోపురాలూ చూసే సరదా ఉంటే ఇప్పుడు తీర్చుకోండి. కొడికొండ చెక్‌పోస్టు నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు, దిగి చూసి తిరిగి హైవే ఎక్కడానికి రెండు గంటలు చాలు.

వచ్చేటప్పుడు డిక్కీ ఇంకా నిండుతుంది. తాంబూలం సంచులు, కొబ్బరికాయలు, మిఠాయి డబ్బాలు, పెళ్లివారు బలవంతంగా పెట్టే మిగిలిన లడ్డూలు. ఒక మడత సంచి ముందే పెట్టుకోండి.

ఇంటికొచ్చాక:

- పట్టుచీరలు బ్యాగులో వదిలేయొద్దు, నీడలో ఒక పూట ఆరేసి మడవండి.
- నగలు ఫోటోలతో సరిచూసుకుని లోపల పెట్టండి.
- తాంబూలం సంచుల్లో తమలపాకులు, అరటిపళ్లు ఆ రాత్రే తీసేయండి, లేదంటే కారంతా వాసన.
- టైర్లలో గాలి మామూలు బరువుకు తగ్గించండి.
- ఫాస్టాగ్ మెసేజీలు చూసుకోండి. ఒకే టోల్ దగ్గర రెండుసార్లు డబ్బు కట్ అయి ఉంటే ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు వెంటనే ఫిర్యాదు చేయండి, టోల్ దాటిన టైము స్క్రీన్‌షాట్ దగ్గర ఉంచుకోండి.